తువ్వాలు కింద రెండు వేళ్ళు

పూతలపట్టు,
ఆగస్టు నెల, వాన రాని సోమారం.

లెక్కల మాస్టరమ్మ హేమశ్రీకి,

ఇది మీ తాత చెంగయ్య ఎవురి చేతా రాయించకుండా సొంతంగా రాస్తా ఉండే జాబు. అక్షరాలు ఎద్దులు తొక్కినట్టు ఉంటాయి. నవ్వుకుంటే నవ్వుకో గానీ చింపొద్దు. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే, అందులోనూ సగం దినాలు పోలే.

నీ జాబు అందింది. పోస్టుమాను ఎల్లప్ప ఈ కాలంలో జాబేంది, కోర్టు నోటీసా అని ఎగాదిగా చూసినాడు. నా మనవరాలు రాసిందిరా, మాకు ఫోన్లో కుదర్దు అని చెప్పినా. నిజమే గదా. నాకు చెవుడు, ఫోనంటే స్పీకర్ పెట్టాల. స్పీకర్ పెడితే మీ అవ్వ వరదమ్మ వింటాది, మీ అమ్మ వింటాది, సర్కిల్ కాడ అంగట్లో మీ నాయన వింటాడు, ఆడే చిత్తూరు బస్సుకి నిలబడినోళ్ళంతా వింటారు. కాగితానికి స్పీకర్ లేదు. అదే మేలు.

సరే, తిరుపతిలో లెక్కలతో పాటు ఫ్రెంచ్ కూడా తీసుకున్నానని రాసినావు. ఎవురితో మాట్లాడతావుమే ఆ భాష? తిరుచానూరులో పూలమ్మేవాళ్ళతోనా? మీ నాయన బాలచంద్ర మాత్రం పైపులూ మోటార్లూ అమ్మతా, మా పాప లెక్కలు చదవతా ఉండాది, రేపు బ్యాంకులో ఆఫీసరైతాది అని వచ్చినోడికల్లా చెప్తా ఉండాడు. ఫ్రెంచ్ సంగతి వాడికి తెల్దు. నాకొక్కడికే చెప్పినావంటే నా మీసం ఇంకా నల్లగానే ఉందన్నమాట.

నీకు గుర్తుండాదా, చిన్నప్పుడు నా తువ్వాలు కింద చెయ్యి పెట్టి బేరమాడేదానివి? ఎద్దుల సంతలో దళారి అనేవాడు నోటితో ధర చెప్పడు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద ఎదుటోడి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని పట్టుకుంటే అంత. కుదిరితే చెయ్యంతా పట్టుకుంటాడు. చుట్టూ ఊరంతా నిలబడి చూసినా, ఎవుడు ఎంతకి దిగినాడో ఆ ఇద్దరికే తెలుసు. అందుకే ఎవురి పరువూ పోదు. తువ్వాలు కింద మాట బయట చెప్పకూడదు, అది మా దళారుల కట్టుబాటు. మీ నాయనకీ నేర్పినా, నీకూ నేర్పినా. వాడు నేర్చుకోని కూడా సంతకి రాకుండా పైపులంగడి పెట్టినాడు. నువ్వు మాత్రం బెల్లం గడ్డ కోసం రెండు వేళ్ళు పట్టుకున్నావంటే చచ్చినా ఒకటికి దిగేదానివి కాదు.

మీ నాయన సంగతి నాకొదిలెయ్.

మీ తాత.


తిరుపతి, లేడీస్ హాస్టల్,
సెప్టెంబరు.

తాతా,

ఎద్దులు తొక్కిన అక్షరాలన్నీ చదివాను. ఒక్కటి కూడా చింపలేదు.

ఫ్రెంచ్ ఎవరితో మాట్లాడతావని అడిగావు. ఎవరితో మాట్లాడాలో తెలియక కాదు, ఎక్కడ కూర్చోవాలో తెలియక తీసుకున్నాను. మొదటి వారం ఇంగ్లీషు క్లాసులో నేను నోరు తెరిచి మా ఊరి పేరు చెప్పేసరికి ముందు బెంచీలో ఇద్దరమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ మధ్యాహ్నమే ఫ్రెంచ్ క్లాసు. రెబెకా మేడం ఒక మాట పలికి అందరినీ అనమంది. ఆ ఇద్దరూ అన్నారు, నేనూ అన్నాను. అందరం ఒకేలా తడబడ్డాం. నేను బడికి పోయినప్పటి నుంచి అందరితో సమానంగా కూర్చున్నది ఆ గదిలోనే.

లెక్కల గదిలో ఇంకొక సుఖం. బోర్డు మీద రాసింది తప్పైతే తప్పు, ఒప్పైతే ఒప్పు. రాసింది ఎవరి కూతురని బోర్డు అడగదు. ఈ రెండు గదుల్లో ఏదో ఒకటి వదులుకోమంటే నాకు చేతకాదు.

మొన్న శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. మేడం క్లాసునంతా మేడమీదికి తీసుకెళ్ళి ఫ్రెంచిలో వెనక్కి లెక్క పెట్టించింది. మేం సున్నాకి చేరుకున్నాం, రాకెట్ లేవలేదు. మా నోళ్ళు తొందరపడ్డాయని మళ్ళీ మొదటి నుంచి అనిపించింది. రెండోసారి సగంలో ఉండగానే తూర్పున నిప్పుగీత పైకి లేచింది. సగం మంది లెక్క ఆపేసి చప్పట్లు కొట్టారు. నేను ఆపలేదు.

ఇంకో సంగతి, ఇది అవ్వకి చెప్పు. ఫ్రెంచ్ వాళ్ళు ఎనభైని ఎనభై అనరు, నాలుగు ఇరవైలు అంటారు. అవ్వ అప్పడాలు ఎండబెట్టి ఇరవైల్లో లెక్కేసినట్టే. నువ్వు ఇన్నేళ్ళూ ఆమెను ఎగతాళి చేశావు కదా, ఇప్పుడేమంటావు?

ఒక్క మాట. నాయనకి నువ్వేమీ చెప్పకు. దీపావళికి వచ్చినప్పుడు నేనే చెబుతాను.

హేమ


పూతలపట్టు,
అక్టోబరు.

నాలుగిరవైల మనవరాలికి,

నువ్వు చెప్పొద్దని రాసిన జాబు చేరేలోపలే నేను చెప్పేసినా. తప్పు నాది కాదు, ఎల్లప్ప సైకిలుది.

జరిగింది ఇది. యూనివర్సిటీ నించి మీ నాయన ఫోనుకి మెసేజు వచ్చింది, నీ సబ్జెక్టుల పేర్లతో. వాడు ఫ్రెంచ్ అనే మాట చూసి, మొగం మాడ్చుకోని నేరుగా నా కాడికి వచ్చినాడు. ఏంది నాయనా ఇది, నీకు తెలుసా అని నిలదీసినాడు. నా నోట్లో వక్క ఉండాది. నమిలే లోపల ఏదో ఒకటి చెప్పాల గదా. దానికి ఫ్రెంచ్ చదవాలని లేదురా పాపం, లెక్కలు చదివేవాళ్ళు ఫ్రెంచ్ నేర్చుకోకపోతే డిగ్రీ ఇవ్వరంట, అది రూలంట అనేసినా. ఎంత బాగా కుదిరిందో చూడు, నేనే నమ్మేసినా.

నేను అనుకున్నది ఏందంటే వాడు ఊరుకుంటాడని. వాడు ఊరుకోలే. మరుసటి దినం నించి అంగటికి వచ్చినోడికల్లా, పెద్ద లెక్కలు ఫ్రెంచ్ రాకుండా రావప్పా, మా పాప రెండూ చదవతా ఉండాది అని మొదలుపెట్టినాడు. బోరు మోటారు చెడిపోయి ఏడుస్తా వచ్చిన రైతుకి కూడా చెప్తాడు. మోటారు మెకానిక్కుని చూస్తే బొంజూర్ అంటా ఉండాడు, ఫ్రెంచిలో నమస్కారమంట. ఆ మెకానిక్కు తనని తిట్టినాడేమో అనుకోని ఒక దినం పనికి రాలే.

మీ అవ్వకి నాలుగిరవైల సంగతి చెప్పడం నేను చేసిన పెద్ద పొరపాటు. అప్పడాల గుడ్డ కాడ కూర్చోని, నన్ను చదువు లేనోణ్ణి చూసినట్టు చూస్తా ఉండాది. నీది ఊరి లెక్క, నాది దేశాల లెక్క అంటా ఉండాది.

నువ్వు దీపావళికి వచ్చి చెడగొట్టొద్దు. అంతా నడస్తా ఉండాది. మీ నాయన ఇంత సంతోషంగా ఉండి శానా దినాలైంది.

చెంగయ్య దళారి.


తిరుపతి,
నవంబరు.

తాతా,

దీపావళికి చెబుదామనే వచ్చాను. చిత్తూరు నుంచి వచ్చిన చుట్టాలందరి ముందూ నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, లెక్కలకీ ఫ్రెంచికీ ఉన్న సంబంధం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. నువ్వు స్తంభం చాటున నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు. నేను నోరు తెరిచాను. నాయన ముఖం చూసి మూసేశాను. బస్సులో వస్తుంటే తెలిసింది, నువ్వు అబద్ధం చెప్పావు గానీ నేను దాని మీద కూర్చుని లడ్డు తిన్నాను. ఊరుకోవడం కూడా చెప్పడమే.

నీకు ఒకటి చెప్పాలి. లైబ్రరీలో కింది అరలో ఒక పాత లెక్కల పుస్తకం దొరికింది, ఫ్రెంచిలో ఉంది. పాతకాలంలో కాగితం మడిచి కుట్టేవారట, చదివేవాళ్ళే అంచులు కోసుకోవాలి. ఈ పుస్తకాన్ని ఎవరూ కోయలేదు. అంటే ఎవరూ చదవలేదు. లైబ్రరీ ఆయన్ని అడిగితే, చదువుతావా అమ్మా నిజంగా అని రెండుసార్లు అడిగి స్కేలు ఇచ్చాడు. ఒక్కో పేజీ కోసి చదువుతున్నాను. భాష అర్థం కాని చోట లెక్క చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. లెక్క అర్థం కాని చోట భాష ఆసరా ఇస్తుంది. ఒక పేజీ మొత్తం అలా దాటిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. లెక్కలకి ఫ్రెంచ్ తప్పనిసరి అన్నది అబద్ధమే. కానీ నాకు రెండూ కలిసి ఏమవుతాయో ఆ పేజీలో తెలిసింది.

ఇప్పుడు చిక్కు. జనవరి నుంచి రెండో సెమిస్టరు. రెండు సబ్జెక్టులూ కొనసాగించాలంటే ఫారం మీద నాయన సంతకం పెట్టాలట. లెక్కల హెడ్డు సారు నన్ను పిలిచి, రెండెందుకమ్మా, ఏదో ఒకటి ఉంచుకో అన్నారు. ఎందుకన్నారో తర్వాత రాస్తాను. పరీక్షలు బాగానే రాశాను.

సంక్రాంతి లోపల నాయనకి నిజం చెప్పి సంతకం అడుగుతాను. అప్పటిదాకా దయచేసి కొత్తగా ఏమీ కనిపెట్టకు.

హేమ


పూతలపట్టు,
డిసెంబరు.

హేమమ్మా,

ఈ జాబులో ఎగతాళి రవంత తక్కువ ఉంటాది. ఏమనుకోవద్దు.

మన వెనకింటి భానుచందర్, చిత్తూర్లో ఇంజనీరింగ్ చదివేవాడు, గేటు వాల్వు కోసం అంగటికి వచ్చినాడు. బెంచీ నిండా జనం ఉండారు. మీ నాయన వాల్వు కాగితంలో చుట్టతా ఫ్రెంచ్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆ పిల్లోడు నవ్వినాడు. ఎవురు చెప్పినారన్నా నీకు, లెక్కలకీ ఫ్రెంచికీ ఏం సంబంధం, అది ఇష్టమైతే తీసుకునేది అని ఫోను తెరిచి చూపించినాడు. వాడు చెడ్డోడేం కాదు, తెలిసింది చెప్పినాడు. కానీ బెంచీ మీద ఉండే వాళ్ళంతా నవ్వినారు. ఎల్లప్ప కూడా నవ్వినాడు. మెకానిక్కు బొంజూర్ అన్నాడు.

మీ నాయన మొగం నేను చూసినా. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి దొరికినప్పుడు ఉండిందే, ఆ మొగం. వాల్వు కింద పెట్టి అందరూ వినేటట్టు చెప్పినాడు, "ఫ్రెంచ్ మానాల. లేదంటే చదువే మాని ఇంటికొచ్చి కూర్చోవాల. ఇది నా మాట."

సర్కిల్ కాడ అన్న మాట సర్కిల్ కాడే ఉంటాది. దాన్ని వెనక్కి తీసుకుంటే మళ్ళీ నవ్వుతారని వాడి భయం. ఇంట్లో నాతో మాట్లాడ్డం లే. అన్నం కాడ కూర్చోని గోడతో చెప్తాడు, ఆ పెద్దాయనకి చారు పొయ్యమని. నేనూ గోడకే చెప్తా, చారులో ఉప్పు లేదని. మీ అవ్వ మా ఇద్దరి మధ్యలో గోడ మాదిరి కూర్చోనుండాది.

నువ్వు దిగులు పడొద్దు. నాకు రెండు దారులు తోచినాయి. ఒకటి, ఆ ఫారం నాకు పంపించు. మీ నాయన సంతకం నేను వాడి బడి రోజుల నించి చూస్తా ఉండా, వాడికంటే నేనే బాగా పెడతా. రెండు, ఫ్రెంచ్ మానేసింది, ఇప్పుడు చదివేది వేరే ఏదో అని చెప్దాం. పేరు నువ్వే చూసి పెట్టు. వాడు ఇంకోసారి నమ్ముతాడు, మంచోడు.

ఏది పంపించమంటావో రాయి.

మీ తాత.


తిరుపతి,
డిసెంబరు ఆఖరు.

తాతా,

ఏదీ వద్దు.

దొంగ సంతకం మీద నేను చదవను. ఇంకో అబద్ధం మీద అసలే చదవను. నీ మీద కోపం వచ్చి ఈ జాబు మూడు రోజులు ఆపాను, ఇంకా తగ్గలేదు. నువ్వు నన్ను కాపాడాననుకున్నావు. నాకు ఫ్రెంచ్ కావాలని నాయన ముందు నిలబడి చెప్పే మాట నాది. దాన్ని నా నోట్లోంచి లాక్కుని రూలని చెప్పావు. రూలైతే ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు కావాలంటే ఒప్పుకుంటాడా లేదా అన్నది నేను తెలుసుకోవాలి కదా.

నేను ఏదీ మానను. లెక్కలు మానను, ఫ్రెంచ్ మానను, ఇంటికొచ్చి కూర్చోను. హెడ్డు సారు చెప్పినా అదే, నాయన చెప్పినా అదే.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఇంటికి కాదు, నేరుగా అంగటికి. ఆయన మాట అన్నది అక్కడ. నా మాటా అక్కడే అంటాను. బెంచీ మీద వాళ్ళందరూ ఉండాలి, భానుచందర్ కూడా ఉంటే మరీ మంచిది. నువ్వు వచ్చి కూర్చో. కానీ ఒక్క మాట మాట్లాడకూడదు. దగ్గు వచ్చినా మింగు.

తువ్వాలు ఉతికించుకుని రా.

హేమ


పూతలపట్టు,
జనవరి.

హేమశ్రీకి,

ఒక్క మాట మాట్లాడొద్దంటివి. మాట్లాడలే. నా వయసులో నోరు మూసుకోని అంతసేపు కూర్చోవడం ఇదే మొదలు, ఎల్లప్పని అడుగు. ఇప్పుడైనా మాట్లాడనీ. ఆ దినం నువ్వు బస్సెక్కి పోయినావు, మీ నాయన జరిగింది చెప్పడు, నాకు అన్నం దిగడం లే.

నేను బెంచీ మీద నించి చూసింది ఇది. బస్సు దిగి నేరుగా వచ్చి అంగటి ముందర నిలబడినావు. మీ నాయన కొళాయి పెట్టెలు సర్దతా తల ఎత్తలే. ఇంటికి పో, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఈడే మాట్లాడాల నాయనా అన్నావు. తాతా మనవరాలు కలిసి నన్ను నవ్వులపాలు చేసినారు, ఇంకా ఏం మిగిలిందని వచ్చినావు అన్నాడు. నాకు ఆ మాట గుచ్చుకుంది. దగ్గొచ్చింది, మింగినా.

అప్పుడు నువ్వు బెంచీ వైపు తిరిగి అన్నావే, అది నేను మర్చిపోయేది కాదు. "అబద్ధం చెప్పింది తాత, ఊరుకున్నది నేను. లెక్కలకి ఫ్రెంచ్ అక్కర్లేదు. నాకు కావాల." భానుచందర్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

మీ నాయన పెట్టె కింద పెట్టినాడు. ఏదో ఒకటి ఎంచుకో అన్నాడు. ఎంచుకోను అన్నావు. నా మాట ఈ సర్కిలంతా వినింది పాపా అన్నాడు. ఆ గొంతు కోపంది కాదు. బేరం తెగక, తిరిగిపోలేక నిలబడిపోయిన రైతు గొంతు. నాకు తెలుసు ఆ గొంతు. కానీ మాట్లాడొద్దంటివి గదా.

నువ్వు నా భుజం మీద నించి తువ్వాలు లాగినప్పుడు నేను మొగం తుడుచుకునే దానికేమో అనుకున్నా. పోయి మీ నాయన చెయ్యి మీద కప్పి, నీ చెయ్యి కింద పెట్టినావు. సంతలో నేను దళారిగా తిరిగినన్ని ఏండ్లలో ఆడమనిషి చెయ్యి తువ్వాలు కిందికి పోంగా చూడలే. బెంచీ మీద ఒక ముసిలోడు లేచి నిలబడినాడు. మీ నాయన చెయ్యి వెనక్కి తీసుకుంటాడనుకున్నా. తీసుకోలే. వాడు సంతకి రాకపోయినా నేను నేర్పింది వాడి వేళ్ళల్లో ఉండాది.

తువ్వాలు కదిలింది. ఆగింది. మళ్ళా కదిలింది. నేను మీ భుజాలు చూస్తా ఉండా, దళారికి భుజాలే చాలు. నీ భుజం దిగలే. మీ నాయన భుజం దిగింది. తర్వాత శానాసేపు ఏమీ కదల్లే. ఎల్లప్ప చేతిలో జాబులు పట్టుకోని పంచడం మర్చిపోయినాడు. అప్పుడు తువ్వాలు ఇంకొకసారి రవంత కదిలింది. నీ మొగం మారింది. భయపడినట్టుంది. అదేందో నాకు తెలీలే.

మీ నాయన తువ్వాలు తీసి నా ఒళ్ళోకి వేసి, కుదిరింది అన్నాడు. అంతే. కౌంటరుకి దారంతో కట్టిన పెన్నుతో నీ ఫారం మీద సంతకం పెట్టినాడు. ఏం కుదిరిందన్నా అని భానుచందర్ అడిగితే, తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే అన్నాడు. ఒక్కడు నవ్వలే. ఎవుడు దిగినాడో తెలీనప్పుడు ఎవుణ్ణి చూసి నవ్వేది?

నాతో ఇప్పుడు గోడ లేకుండానే మాట్లాడతా ఉండాడు. కానీ ఆ సంగతి అడిగితే పైపులు సర్దతాడు. ఆఖర్న కదిలింది ఏందిమే? నాకొక్కడికి రాయి. చదివి కాల్చేస్తా.

మీ తాత, నోరు మూసుకున్నోడు.


తిరుపతి,
ఫిబ్రవరి.

నాయనా,

నువ్వు బస్సు దగ్గర అడిగినట్టే, ఈ జాబు మొదట నీకు రాస్తున్నాను. ఎల్లప్పకి కూడా చెప్పాను, అంగట్లో నీ చేతికే ఇవ్వమని. తాత దారిలో ఆపుతాడు, జాగ్రత్త.

ఫారం ఇచ్చేశాను. రెండూ ఉన్నాయి.

ఇక్కడి నుంచి కొంచెం తాతకి చదవొద్దు. రెండు సబ్జెక్టులూ కావాలని నేను నీ రెండు వేళ్ళు పట్టుకున్నాను. నువ్వు నా వేలు ఒకటి పట్టుకున్నావు. నేను మళ్ళీ రెండు పట్టుకున్నాను. నువ్వు మళ్ళీ ఒకటి. నేను మళ్ళీ రెండు. ఆ తర్వాత నువ్వు నా చెయ్యంతా పట్టుకుని వదలకుండా ఉన్నావు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నావు. కుదిరింది అనుకుని ఊపిరి పీల్చుకునే లోపల మళ్ళీ ఒక్క వేలు పట్టుకున్నావు. మాట మార్చావేమోనని భయపడిపోయాను. ఆ వేలు నీ షరతని బస్సు దగ్గర నువ్వు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. "మొదటి జాబు నాకు రాయాల పాపా. ముసిలాయనకి కాదు." సర్కిల్లో జనం నవ్వినందుకు అంత బాధ పడ్డావనుకున్నాను. నేను నీకంటే ముందు తాతకి చెప్పినందుకని అప్పుడు తెలిసింది. నాకు అది తోచనే లేదు నాయనా. నువ్వు కాదంటావని భయపడి నీకు చెప్పలేదు. కాదన్నా సరే నీకే చెప్పాల్సింది.

తాతకి చదవకూడనిది ఇంకొకటి. మొదటి సెమిస్టరు మధ్యలో పెట్టిన పరీక్షల్లో లెక్కల్లో నాకు మార్కులు బాగా తగ్గాయి. ఫెయిలు కాలేదు, అంచు మీద ఆగాను. అందుకే హెడ్డు సారు ఒకటి మానుకోమన్నారు. ఇది తాతకి కూడా దాచాను. ఎవరికైనా మొదట చెప్పడం ఇదే. ఫ్రెంచ్ వల్ల తగ్గలేదు. కొత్త రకం లెక్కలు, అక్షరం అక్షరానికి ఎందుకని అడుగుతాయి. నేను జవాబు తెలిస్తే చాలనుకుని రాశాను. ఇప్పుడు ఎందుకో కూడా రాయడం నేర్చుకుంటున్నాను. సారుకి సంతకం చూపించి, వచ్చే పరీక్ష చూసి మాట్లాడండి సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, మీ నాయన ఏం చేస్తారమ్మా అని అడిగారు. పైపులంగడి సార్, బేరంలో గట్టివాడు అన్నాను.

మిగతాదంతా తాతకి వినిపించు. పాత పుస్తకం సగం దాకా కోశానని చెప్పు. అవ్వకి నా తరఫున నాలుగిరవైల దండాలు.

నీ కూతురు
హేమశ్రీ


పూతలపట్టు,
మార్చి, ఎండ మొదలైంది.

బేరగత్తె హేమశ్రీకి,

ఎల్లప్ప నా ముందు నించే సైకిలు తొక్కుకుంటా పోయి, నీ జాబు మీ నాయన చేతిలో పెట్టినాడు. నేను చెయ్యి చాపినా, చూసి కూడా ఆపలే. ఇన్ని దినాలు వాడికి నేను తాపించిన టీలన్నీ నేలపాలు.

మీ నాయన అంగడి మూసేదాకా దాన్ని జేబులోనే పెట్టుకున్నాడు. తర్వాత నాకూ మీ అవ్వకీ చదివి వినిపించినాడు. రెండు చోట్ల ఆగినాడు. ఆగి, కండ్లతోనే చదువుకోని, కింది వరసలకి పోయినాడు. ఏందిరా అది అని అడిగినా. తువ్వాలు కింద మాట అన్నాడు. వీడికి ఈ కట్టు నేర్పిన నన్ను నేనే తన్నుకోవాల. మీ ఇద్దరూ కలిసి నా చేతికి ఏమీ చిక్కనియ్యడం లే. ఉండండి, నాకూ ఒక దినం వస్తాది.

అసలు సంగతికి వస్తా. భానుచందర్ మొన్న మళ్ళా అంగటికి వచ్చినాడు, మోచెయ్యి పైపు కోసం. బెంచీ నిండా జనమే. ఊరుకోవచ్చు గదా, ఊరుకోలే. ఏమన్నా, మీ పాప ఆ ఫ్రెంచ్ మానేసినట్టేనా, లెక్కలకి అది అక్కర్లేదని తెలిసింది గదా అన్నాడు. నేను తువ్వాలు గట్టిగా పట్టుకున్నా. మీ నాయన పైపు కాగితంలో చుట్టతా, తల ఎత్తకుండా, బెంచీ అంతా వినేటట్టు చెప్పినాడు.

"లెక్కలకి అక్కర్లేదప్పా. మా పాపకి కావాల."

భానుచందర్ పైపు తీసుకోని పోయినాడు. మెకానిక్కు బొంజూర్ అన్నాడు, ఈసారి మర్యాదగా.

ఈ జాబు నీకు విడిగా రాస్తా ఉండా. దీని సంగతి మీ నాయనకి చెప్పొద్దు. ఎవురికైనా చెప్పాలనుకుంటే మాత్రం ముందు వాడికే చెప్పు, నాకు మళ్ళా గోడతో మాట్లాడే ఓపిక లేదు.

ఇంకా రాసేవాణ్ణే గానీ మీ అవ్వ నా తువ్వాలు అడగతా ఉండాది. ఎందుకే అంటే, నీతో పెట్టాల్సిన బేరాలు శానా ఉండాయి, ఇన్నేండ్లు ఆడమనిషి చెయ్యి పెట్టకూడదేమో అనుకోని ఊరుకున్నా అంటా ఉండాది. అప్పడాల పిండి చేతులు కడుక్కోని ఇటే వస్తా ఉండాది. నాకు భయంగా ఉండాది.

ఉంటా.

చెంగయ్య.